పోశెట్టి పెంచిన గ్రౌండు

ఉమ్ అల్ క్వైన్‌లో సముద్రపు పాయ ఒడ్డున అల్ సదఫ్ అని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. పెద్ద క్లబ్బేమీ కాదు. పై డివిజన్‌లో ఆడేవాళ్ళకి దాని పేరు కూడా సరిగ్గా గుర్తుండదు. అలాంటి క్లబ్బులో గడ్డి పెంచే మనిషి పేరు ఎవరికి గుర్తుంటుంది చెప్పండి. ఆయన పేరు పోశెట్టి. మెట్‌పల్లి దగ్గరి పల్లె ఆయనది. యాభై ఆరేళ్ళ వయసు, ఎండకు నల్లబడిన మెడ, మోకాళ్ళ దగ్గర ఎప్పుడూ ఆకుపచ్చ మరకలున్న ప్యాంటు.

పోశెట్టి జన్మలో బంతిని కాలితో తన్నలేదు. ఆట నియమాలూ తెలియవు. క్లబ్బు బస్సు నడిపే షావలి రాయచోటి మనిషి, ఆటంటే ప్రాణం. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో అగ్గిపుల్లలు పేర్చి మరీ ఎన్నోసార్లు చెప్పి చూశాడు. పోశెట్టి శ్రద్ధగా వినేవాడు, తలూపేవాడు, చివరికి "గోల్ వడ్డంక గూడ వడలేదనుడేందిరా తమ్మీ, గిదేం న్యాయం?" అనేవాడు. షావలి అగ్గిపుల్లలు ఏరుకుని జేబులో పెట్టుకునేవాడు.

తొంభై ఆరులో దుబాయ్ వచ్చిన మనిషి. అల్ ఖూజ్‌లో గోదాములు కట్టాడు. ఆ గోదాముల్లో ఏం పెడతారో కూడా తెలియకుండానే ఒకటి ముగించి ఇంకొకదానికి వెళ్ళేవాడు. తర్వాత షార్జాలో రోడ్ల మధ్య చెట్లకు నీళ్ళు పెట్టే కంపెనీలో పడ్డాడు. అక్కడినుంచి రెండువేల పదిహేడులో ఈ క్లబ్బుకు పంపారు. లేబర్ కార్డు మీద మాత్రం మొదటి రోజునుంచీ హెల్పర్ అనే ఉంది. ఎవరికి హెల్పరో ఎప్పుడూ రాయలేదు.

కరోనా రాకపోయి ఉంటే ఈ గ్రౌండుకీ పోశెట్టికీ ఇంత ముడి పడేది కాదేమో. రెండువేల ఇరవై మార్చిలో ఆటలు ఆగిపోయాయి. పోశెట్టి ఉండే లేబర్ క్యాంపు గేటు మూసేశారు. ఆ మూసేసిన పూట ఆయన గ్రౌండులోనే ఉన్నాడు గనక అక్కడే ఉండిపోయాడు. జనం కూచునే మెట్ల కింద సామాన్ల గదిలో పడక, గ్యాస్ పొయ్యి మీద అన్నం, తోడు ఎవరూ లేరు. నాలుగు నెలలు. ఎవరూ ఆడని గ్రౌండుకు పొద్దునా సాయంత్రం నీళ్ళు పెట్టాడు, కత్తిరించాడు, కలుపు పీకాడు. నీళ్ళు ఉప్పన, గాలి ఉప్పన. అయినా గడ్డి అంతకు ముందెన్నడూ లేనంత చిక్కగా వచ్చింది. ఇన్నేళ్ళుగా తాను చేసినవన్నీ ఎవరివో గోడలూ ఎవరివో రోడ్లూ. ఇదొక్కటే తన చేతుల్లోంచి వచ్చిందని ఆ నాలుగు నెలల్లో ఆయనకు అనిపించింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, భార్య లక్ష్మవ్వకు తప్ప.

లక్ష్మవ్వ ఊరుకునే మనిషి కాదు. ఫోన్‌లో నవ్వింది. "ఈడ నీళ్ళు లేక మన మడి పర్రెలిచ్చింది. నువ్వేమో ఆడ ఉత్త గడ్డికి నీళ్ళు వెడ్తున్నవ్. దాన్ని ఎడ్లు గూడ తినయి గదయ్యా" అంది.

"తినేతందుకు గాదే. ఉరికేతందుకు" అన్నాడు పోశెట్టి. ఆమెకు ఇంకా నవ్వొచ్చింది.

అంతవరకూ అల్ సదఫ్ ఆటగాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటూ ఆడేవాళ్ళు. గోల్‌కీపర్ పోలీసు. నడిమి ఆటగాడు రేవులో గుమాస్తా. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, బూట్లు కట్టుకుంటూ ఇంటికి ఫోన్ చేసి, ఆడి వెళ్ళిపోయేవాళ్ళు. రెండువేల ఇరవై మూడులో కొత్త యాజమాన్యం వచ్చి, ఇక మనది ప్రొఫెషనల్ క్లబ్బు అన్నారు. అందరికీ కాంట్రాక్టులు రాశారు. ఆటే ఉద్యోగమైంది. పొద్దున ఆరింటికి ఈల, ఉడకబెట్టిన చికెన్, గోడమీద తూకాల పట్టిక. బయటి దేశాలనుంచి ఐదుగురు కొత్తవాళ్ళు దిగారు. వాళ్ళందరిమీదా డెరెక్ అని ఒక ఇంగ్లీషు కోచ్. ఇంగ్లాండులో ఎక్కడో కింది డివిజన్లలో వానలో, బురదలో ఆడి మోకాళ్ళు పోగొట్టుకున్న ముసలాయన.

ఆయన వచ్చిన మొదటి రోజు ఆఫీసులోకి వెళ్ళలేదు. తిన్నగా గ్రౌండులోకి నడిచి, ఒంగలేక ఒంగి, గడ్డిలోకి వేలు గుచ్చి, వేలిని వాసన చూశాడు. "గ్రౌండ్స్‌మన్ ఎవరు?" అని అడిగాడు. ముదీర్, అంటే క్లబ్బు మేనేజరు, పైపు పట్టుకుని నిలబడ్డ పోశెట్టిని చూపించాడు. కోచ్ వచ్చి బురద చెయ్యే పట్టుకుని ఊపాడు. ఏదో అన్నాడు. షావలి దగ్గరికి వచ్చి చెప్పాడు.

"వాళ్ళూర్లో కోచ్‌లు మారతాండారంటన్నా. గ్రౌండ్ సూసేటోడు మాత్రం మారడంట. నిన్ను జాగ్రత్తగ సూసుకోమని మన ముదీర్‌కి జెప్తాండాడు."

పోశెట్టి చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం గడ్డి కత్తిరించే యంత్రం నడుపుతూ తనలో తాను రెండుసార్లు గ్రౌండ్స్‌మన్ అనుకున్నాడు. నోరు తిరగలేదు గానీ బాగుంది.

సీజన్ మొదట్లో రెండు ఆటలు గెలిచారు. ముదీర్ అందరికీ బిర్యానీ పెట్టించాడు. ఆ తర్వాత పట్టింది శని. కొత్తగా తెచ్చిన ముందు వరుస ఆటగాడికి తొడ కండరం పట్టేసింది. ఇంకొకడికి ఇక్కడి ఎండ పడలేదు. పాత పోలీసు గోల్‌కీపర్‌ను మార్చి కొత్తవాణ్ణి పెట్టారు, వాడి చేతుల్లోంచి బంతి సబ్బుముక్కలా జారేది. డిసెంబరులో నాలుగు ఓటములు, జనవరిలో మూడు. చూడటానికి వచ్చేవాళ్ళు మొదట్లో రెండు వందలుండేవాళ్ళు, సంక్రాంతి దాటేసరికి ముప్ఫై మందయ్యారు. పద్నాలుగు జట్లలో చివరి రెండూ కిందికి పోతాయి. అల్ సదఫ్ పదమూడో చోట కూచుంది.

ఫిబ్రవరిలో మీటింగు పెట్టారు. షావలి బస్సు తాళాలు ఇవ్వడానికి వెళ్ళి తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. విని నేరుగా గ్రౌండుకొచ్చాడు.

"అన్నా, ఒక మాట. టీము కిందికి బోతే ఈ ప్రొఫెషనల్ యవ్వారం ఖలాసంట. గడ్డంతా పెరికేసి ప్లాస్టిక్ గడ్డి పరుస్తారంట. షార్జా నుంచీ దుబాయ్ నుంచీ అయిదుగురు అయిదుగురు వొచ్చి అద్దెకు ఆడుకుంటారంట."

పోశెట్టి కలుపు పీకుతున్నవాడు ఆగాడు. "ప్లాస్టిక్‌దానికి నీళ్ళెవలు వెడ్తరు?"

"దానికి నీళ్ళేందన్నా."

"మరి నేను?"

షావలి కింద కూచుని తనూ ఒక కలుపు మొక్క పీకాడు. గడ్డి లేని చోట గడ్డి మనిషి ఉండడు. పోశెట్టి మళ్ళీ ఒంగి కలుపు పీకాడు, కానీ ఆ పూట కలుపుతోపాటు మంచి గడ్డి కూడా రెండు మూడుసార్లు చేతికి వచ్చింది.

ఆ రోజునుంచి ఆయనకు కొత్త జబ్బు పట్టుకుంది. ఆట ఏమిటో తెలియనివాడు పట్టిక చదవడం మొదలుపెట్టాడు. ఎవరు ఎన్ని పాయింట్లు, ఎవరికి ఎవరితో మిగిలింది, అన్నీ షావలి ఫోన్‌లో చూపించమనేవాడు. బస్సు బయటి ఊళ్ళకు ఆడటానికి వెళ్ళిన రోజు అన్నం సహించేది కాదు. బస్సు గేటు తిరగగానే ఎదురెళ్ళి కిటికీలోంచి "ఎన్ని?" అని అడిగేవాడు. షావలి వేళ్ళు చూపించేవాడు, ముందు వాళ్ళవి, తర్వాత మనవి. ఎక్కువసార్లు మనకోసం వేలు లేపాల్సిన పని పడేది కాదు. పోశెట్టి వెళ్ళి నీళ్ళ పైపు విప్పేవాడు. తన చేతిలో ఉన్నది గడ్డి ఒక్కటే గనక, గడ్డి బాగుంటే మనవాళ్ళు బాగా ఉరుకుతారని, ఉరికితే గెలుస్తారని ఆయన లెక్క. కోచ్ కూడా ఒకనాడు ఆ మాటే అన్నాడు. సొంత గ్రౌండులో మార్చినుంచి రెండు గెలిచారు, ఒకటి సమం చేశారు. ఆశ చావలేదు.

ఏప్రిల్ చివరికి రెండు ఆటలు మిగిలాయి. ఒకటి బయట, ఒకటి ఇక్కడ. బయటిది ఓడకుండా, ఇక్కడిది గెలిస్తే టీము నిలబడుతుంది. ఇక్కడ ఆడాల్సినవాళ్ళు కూడా మునిగిపోతున్నవాళ్ళే, బయట ఒక్క ఆటా గెలవనివాళ్ళు. ముదీర్ కూడా ఆ వారం మొహం విప్పి నవ్వాడు.

సరిగ్గా ఆ వారమే పోశెట్టి వీసా రెన్యువల్‌కు మెడికల్ తగిలింది. మంగళవారం పొద్దున్నే వెళ్ళాలి, రక్తం, ఎక్స్‌రే, వేలిముద్రలు, సాయంత్రం దాకా వరసలో నిలబడాలి. పదిహేను రోజులకొకసారి గ్రౌండుకు యూరియా చల్లే వంతు కూడా అప్పుడే వచ్చింది. తిరిగి వచ్చాక చూసుకుందాంలే అనుకుని వెళ్ళిపోయాడు.

ఇక్కడ యాసీన్ గురించి చెప్పాలి. యాసీన్ చిట్టగాంగు మనిషి. సామాన్ల గదికీ ఆటగాళ్ళ బట్టలకూ వాడే పెద్ద. నిజాయితీ గలవాడు, కాకపోతే ఎప్పుడూ కాళ్ళకింద నిప్పులున్నట్టు ఉరుకుతుంటాడు. వాడికి తెలుగు రాదు, పోశెట్టికి బంగ్లా రాదు. ఇద్దరూ క్యాంపు హిందీలో నెట్టుకొచ్చేవాళ్ళు. ఈ క్యాంపు హిందీ ఉందే, దానికి తలే తప్ప తోక ఉండదు. పేర్లు చెప్పేస్తారు, క్రియ ఎగరగొట్టేస్తారు. "పానీ, ఉధర్, జల్దీ" అంటే పని అయిపోతుంది. ఇరవై ఏడేళ్ళలో పోశెట్టికి దీనివల్ల ఒక్క ఇబ్బందీ రాలేదు.

పోశెట్టి లేడని, బాధ్యత తప్పకూడదని, ఆ మంగళవారం యాసీన్ తానే బస్తా విప్పి గ్రౌండంతా యూరియా చల్లాడు. చల్లడం బాగానే చల్లాడు. తర్వాత బాగా తడపాలి, కానీ నీళ్ళ ట్యాంకరు ఆ రోజు సగమే వచ్చింది. ఉన్నంతవరకు తడిపి, పోశెట్టిని కలవకుండానే మర్నాడు తెల్లవారగానే టీముతోపాటు బస్సెక్కేశాడు. బయటి ఆట గురువారం, ఒక రోజు ముందుగా అక్కడికి పోయి, ఆట తర్వాత కూడా రెండు రోజులు అక్కడే సాధన చేసి రావడం కోచ్ పెట్టిన కొత్త పద్ధతి.

బుధవారం పొద్దున బస్సులోంచి యాసీన్ ఫోన్ చేశాడు. వెనక పాటలు, హారన్లు, ఆటగాళ్ళ అరుపులు. "పోశెట్టి భాయ్! కల్ దవా, పూరా గ్రౌండ్! పానీ కమ్, పానీ కమ్!" అని అరిచాడు. లైన్ కట్టయింది.

దవా అంటే వాళ్ళ మధ్య మందు, అంటే యూరియా. కల్ అంటే హిందీలో నిన్న. కల్ అంటే హిందీలో రేపు కూడా. నిన్నో రేపో చెప్పేది వెనకొచ్చే క్రియ, ఆ క్రియను వాళ్ళు ఏనాడో ఎగరగొట్టేశారు. నిన్న గ్రౌండంతా మందు వేశాను, నీళ్ళు తక్కువయ్యాయి, నువ్వు పెట్టు అని యాసీన్ చెప్పాడు. రేపు గ్రౌండంతా మందు వెయ్యి, నీళ్ళు తక్కువ పెట్టు అని పోశెట్టి విన్నాడు.

నీళ్ళు తక్కువెందుకా అని ఒక్క క్షణం అనుకున్నాడు. కోచ్ చెప్పి ఉంటాడు, ఆటకు ముందు నేల గట్టిగా ఉండాలని అని సర్దుకున్నాడు. గ్రౌండులోకి వెళ్ళి చూస్తే ఒక్క యూరియా గింజ కనపడలేదు. పాయ ఒడ్డున తెల్లవారుజామున మంచు దండిగా పడుతుంది, యాసీన్ చల్లినవి దానికే కరిగిపోయాయి. గదిలో ఒక బస్తా తక్కువగా ఉన్నట్టు కూడా కనిపించింది. యాసీన్ ఎక్కడో మార్చి పెట్టి ఉంటాడనుకున్నాడు. తర్వాత రోజుల్లో ఆయన్ని అన్నిటికంటే ఎక్కువగా కాల్చింది ఈ బస్తానే. కళ్ళెదుట కనపడింది, లెక్కపెట్టలేదు.

గురువారం పొద్దున పోశెట్టి మెడకు బకెట్ తగిలించుకుని, ఒక్క చారెడు నేల వదలకుండా, చాలా ప్రేమగా, రెండోసారి యూరియా చల్లాడు. నీళ్ళు తక్కువ పెట్టాడు. ఆ రోజు ఎండ నలభై దాటింది.

సాయంత్రం షావలి ఫోన్ చేశాడు. "ఒకటి ఒకటన్నా! ఓడలే! చివర్లో మనోడు తలతో కొట్టినాడు!" అని బస్సంత గొంతుతో అరిచాడు. పోశెట్టికి కళ్ళు చెమర్చాయి. ఇంకొక్కటి, ఒకే ఒక్కటి, అదీ తన గడ్డి మీద. లక్ష్మవ్వకు ఫోన్ చేసి చెప్పాడు. ఆమెకు ఏమీ అర్థం కాకపోయినా "మంచిగైంది, మంచిగైంది" అంది.

శుక్రవారం గడ్డి మీద బూడిద రంగు నీడలాంటిది కనిపించింది. ఎండకేమో అనుకున్నాడు. శనివారం కొసలు పసుపయ్యాయి. పోశెట్టి ఒంగి ఒక పరక తుంచి చూశాడు. కొసనుంచి సగం దాకా మాడింది. అక్కడొకటి, ఇక్కడొకటి, నడిమధ్య వలయం దగ్గర, గోలు ముందర, ఎక్కడ తుంచినా అదే. చిన్నప్పుడు వాళ్ళ నాయన మక్కచేనుకు యూరియా ఎక్కువేసి కాల్చుకున్న రంగు ఆయనకు తెలుసు.

ఆ సాయంత్రమే టీము తిరిగొచ్చింది. యాసీన్ బట్టల మూటలు దించుతూ గ్రౌండు వైపు చూసి మూటలు కింద పడేశాడు.

"క్యా కియా, భాయ్?" ఏం చేశావన్నాడు.

"తుమ్ బోలా, కల్ దవా. జుమేరాత్ డాలా" అన్నాడు పోశెట్టి, నువ్వు చెప్పినట్టే గురువారం వేశానని.

యాసీన్ తల పట్టుకున్నాడు. "మైఁ డాలా! మంగల్ కో మైఁ డాలా! కల్ డాలా, బోలా తా!"

మంగళవారం నేనే వేశాను, అదే చెప్పాను అంటున్నాడు. పోశెట్టికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే నిలబడిపోయాడు. ఇద్దరూ తప్పు చెయ్యలేదు, గ్రౌండు మాత్రం కాలిపోయింది. అలా అని ఇప్పుడు మనం అనగలం. ఆ పూట పోశెట్టికి అలా అనిపించలేదు. యాసీన్ మీద చచ్చేంత కోపం వచ్చింది. ఆ దిక్కుమాలిన భాష మీద వచ్చింది. అందరికంటే తన మీద వచ్చింది. నలభై ఏళ్ళు మట్టిలో ఉన్న చెయ్యి, ఒక్క మాట మళ్ళీ అడగలేదే అని.

ఇక చేయగలిగింది నీళ్ళు. నీళ్ళు పోసి పోసి ఆ మందును కిందికి దించెయ్యాలి. షావలి నాలుగు చోట్ల తిరిగి ట్యాంకర్లు పిలిపించాడు. ఆదివారం, సోమవారం ముగ్గురూ పైపులు పట్టుకుని నిలబడ్డారు. పోశెట్టి చెప్పులు కూడా వేసుకోలేదు. కోచ్ వచ్చి చూశాడు. కిందటిసారిలా ఒంగలేదు, వేలు గుచ్చలేదు. కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ఆయన నడిచి వెళ్తుంటే పోశెట్టికి పరుగెత్తుకెళ్ళి కాళ్ళు పట్టుకోవాలనిపించింది. ఏ భాషలో పట్టుకోవాలో తెలియక ఆగిపోయాడు.

మంగళవారం గ్రౌండు తనిఖీకి మనిషి వచ్చాడు. అప్పటికి నడిమి భాగమంతా గడ్డివాము రంగులో ఉంది. ఆయన బూటుతో ఒకచోట గట్టిగా రుద్దాడు, ఎండిన పరకలు చిత్తడి మట్టితోపాటు జారిపోయాయి. ఆటగాళ్ళ కాళ్ళు విరుగుతాయి, ఇక్కడ ఆట లేదు అని కాగితం రాసిచ్చాడు. శుక్రవారం ఆటను ఇంకో ఎమిరేట్‌లో, ఎవరిదీ కాని గ్రౌండుకు మార్చారు.

ఆ రోజు పోశెట్టి మొదటిసారి టీము బస్సెక్కాడు. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. చివరి సీట్లో బట్టల మూటల మధ్య కూచున్నాడు. ఆటగాళ్ళలో కొందరు వెనక్కి తిరిగి చూశారు. కొత్త గోల్‌కీపర్ చూసి ఏదో అన్నాడు, పక్కవాడు నవ్వలేదు.

పరాయి గ్రౌండు గడ్డి పొట్టిగా, గట్టిగా ఉంది. మనవాళ్ళ బంతి ముందుకు జారిపోతోంది, వెనక ఉరికేవాడికి అందటం లేదు. మొదటి సగం ఏమీ కాలేదు. రెండో సగమూ జరిగిపోతోంది. పోశెట్టి గడియారం చూడలేక నేల చూస్తూ కూచున్నాడు. ఇంకో పది నిమిషాలుందనగా, తొడ పట్టేసిన ఆ ముందు వరుసవాడే, కుంటుతూనే ఉరికి, ఎవరో పొడుగ్గా వేసిన బంతిని అందుకుని వలలోకి కొట్టాడు.

పోశెట్టి లేచి ఎగిరాడు. యాభై ఆరేళ్ళ మనిషి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, "వడ్డది! వడ్డది!" అని అరిచాడు. పక్కనున్న షావలిని పట్టి కుదిపాడు. షావలి కదల్లేదు. చుట్టూ చూస్తే ఎవరూ లేవలేదు. గీత దగ్గర నిలబడ్డవాడి చేతిలో జెండా పైకి లేచి ఉంది.

"కూచో అన్నా" అన్నాడు షావలి, చాలా నెమ్మదిగా. "ఆఫ్‌సైడ్."

"అంటే?"

"వడలేదన్నా. లెక్కలోకి రాదు."

పోశెట్టి కూచున్నాడు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆ రోజూ అర్థం కాలేదు. ఆట సున్నా సున్నాతో ముగిసింది. అవతలివాళ్ళు కూడా కిందికే పోయారు. రెండు జట్లవాళ్ళూ గ్రౌండులో ఎక్కడివాళ్ళక్కడ కూలబడి ఉన్నారు.

మర్నాడు ముదీర్ ఇద్దర్నీ పిలిచాడు. మందు ఎవరు వేశారని అడిగాడు. యాసీన్ నోరు తెరిచేలోపే పోశెట్టి "నేనే వేసిన. గడ్డి నాది" అన్నాడు. అది త్యాగమేమీ కాదు. ఆ మాట ఇంకొకడి నోట వినడం ఆయనకు ఇష్టం లేదంతే. షావలి దాన్ని అరబ్బీలోకి మార్చాడు. పోశెట్టి తిట్లకోసం తల వంచుకుని నిలబడ్డాడు. ముదీర్ తిట్టలేదు. కాగితాలు సర్దుకుంటూ "ఖలాస్, పోశెట్టి, ఖలాస్" అన్నాడు, అయిపోయింది పొమ్మన్నట్టు. తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేది. బయటికొచ్చాక మెట్ల మీద చాలాసేపు కూచున్నాడు.

కోచ్ వెళ్ళిపోయే రోజు గ్రౌండుకొచ్చి చెయ్యి కలిపాడు. సీజనంతా మావాళ్ళు గోల్స్ కొట్టలేకపోయారు, గడ్డి ఏం చేస్తుంది అన్నాడట. షావలి చెప్పాడు. పోశెట్టి ఆ మాటను తీసుకోలేదు. పెద్దమనిషి గనక అన్నాడులే అనుకున్నాడు. యాసీన్‌ను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఏదో గోదాముకు మార్చారు. పోయేముందు వచ్చి చేతులు పట్టుకుని ఏడ్చాడు. "నీ తప్పేం లేదు భాయ్" అని పోశెట్టి వాడి వీపు నిమిరాడు. అన్నాడే గానీ మనసులో ఆ మాట ఇంకా నిజం కాలేదు. పోశెట్టిని మాత్రం ఉంచారు. నేల కింద నీళ్ళ గొట్టాలు ఎక్కడున్నాయో ఆయనకొక్కడికే తెలుసు, గడ్డి పెరికే పని పూర్తయ్యేదాకా అవసరం.

ఆ నెల రోజులూ నీళ్ళు ఆపమని ఎవరూ చెప్పలేదు. పోశెట్టి ఆపలేదు. మొదటి వారం ఏమీ లేదు. రెండో వారం మాడిన పరకల మధ్యనుంచి సూదుల్లాంటి పచ్చ మొనలు వచ్చాయి. మూడో వారానికి పసుపు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. జూన్ మొదట్లో, షావలి బస్సు అప్పగించడానికి వచ్చి చూసి, గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఏందన్నా ఇది? ఎప్పుడూ ఇంత సక్కగ రాలేదే!"

"వేసిన మందంతా ఇప్పుడు పట్టింది" అన్నాడు పోశెట్టి. రెండింతల మందు గదా మరి. నీళ్ళకు కిందికి దిగి, వేళ్ళకు అంది, అప్పుడు పని చేసింది. ఎవరికి చెప్పుకోవాలి ఈ మాట. లక్ష్మవ్వకు ఫోన్‌లో చూపించాడు. ఆమె ఈసారి నవ్వలేదు. "ఇంటికి రారాదు" అంది.

మరో నాలుగు రోజులకు యంత్రం వచ్చింది. నడిపేవాడు పంజాబ్ నుంచి వచ్చిన పాకిస్తానీ, నలభై ఏళ్ళవాడు. దిగి గడ్డి మీద నాలుగడుగులు వేసి, తిరిగొచ్చి, ఇంత మంచి గడ్డిని ఎందుకు పెరుకుతున్నారు చాచా అని అడిగాడు. పోశెట్టి గొట్టాలు ఎటునుంచి ఎటు పోతున్నాయో నడిచి చూపించాడు. గోలు ముందరినుంచి మొదలుపెట్టమన్నాడు.

యంత్రం పలుగు నేలలోకి దిగింది. మొదటి ముక్క దుప్పటి మడతలా లేచి, తిరగబడింది. పోశెట్టి దగ్గరికి వెళ్ళి చూశాడు. ఏడేళ్ళుగా ఆయన పైనుంచే చూశాడు, కిందినుంచి ఎప్పుడూ చూడలేదు. వేళ్ళు జానెడు పొడుగున, తెల్లగా, ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉన్నాయి. ఒక్క వేరు కూడా మాడలేదు. మాడింది పై పరకలే. ఆట నెల రోజులు ఆగి ఉంటే ఇక్కడే జరిగేది, ఈ గడ్డి మీదే, అనుకున్నాడు. ఆ తిరగబడ్డ ముక్క పక్కన కూలబడి, ఇరవై ఏడేళ్ళలో ఎవరిముందూ ఏడవని మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

పంజాబీవాడు కంగారుపడి ఇంజను ఆపాడు. పరుగున దిగొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"క్యా హువా, చాచా? బంద్ కరూఁ?" ఆపెయ్యమంటావా అని అడిగాడు.

పోశెట్టి తల అడ్డంగా ఊపాడు. భుజం మీది కండువాతో మొహం తుడుచుకున్నాడు. "బంద్ నై. చలావ్" అన్నాడు. వాడు ఇంకా నిలబడే ఉంటే, "ఎండెక్కుతున్నది, నడుపు" అని తెలుగులోనే చెప్పి, లేచి పక్కకు తప్పుకున్నాడు.